పగటి మాత్ర

ఏప్రిల్ 9, బుధవారం

నిన్నటితో నర్సింగ్ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. సాయంత్రానికల్లా హాస్టల్ గదులు ఖాళీ చేయాలట. నెలన్నర సెలవు. గదిలో మిగతా ముగ్గురూ బస్సుల గురించి మాట్లాడుకుంటుంటే నేను సర్దిన పెట్టె మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ప్రాక్టికల్స్ రోజు మేడమ్ నన్ను పక్కకు పిలిచి అన్న మాటలు ఇంకా వదలడం లేదు. నాకు చదువు వస్తుందట, చేతులకే భయమట. రోగిని ముట్టుకునే ముందు నా చేయి ఒకసారి వెనక్కి పోతుందని, అది రోగికి తెలిసిపోతుందని అన్నారు. సెలవుల్లో ఇంట్లో కూర్చోకుండా ఎక్కడైనా రోగుల మధ్య పని చేయమన్నారు. వచ్చే సంవత్సరం ఆపరేషన్ వార్డులో వేస్తారు. అప్పటికి ఈ భయం పోవాలి.

పోతుంది. పని దొరికితే చాలు.

ఏప్రిల్ 12, శనివారం

ఊరికి వెళ్ళలేదు. చిక్కబళ్ళాపురంలోనే స్నేహితురాలి ఇంట్లో మూడు రోజులుండి నర్సింగ్ హోములు తిరిగాను. అన్నిచోట్లా అడిగింది ఒక్కటే: కోర్సు అయిందా, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా. లేదంటే అర్జీ చేతికి కూడా తీసుకోలేదు. ఒకచోట మాత్రం కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. టోకెన్లు రాసే పని ఉందన్నారు. టోకెన్లు రాస్తే చేతుల భయం పోదు కదా. వద్దని చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 15

సోమేనహళ్ళి, మా ఊరు. నేను రాకముందే నాన్న ఊరంతా చెప్పేశాడు, మా అమ్మాయి సెలవుల్లో పెద్దాసుపత్రిలో పని చేస్తుందని. పక్కింటి అంజినప్ప మామ బీపీ చూడమని వచ్చి చేయి చాపాడు. మెషిన్ లేదు మామా అన్నాను.

"అట్లనే పట్టుకోని చెప్పమ్మా."

నాడి పట్టుకున్నాను. నిమిషానికి డెబ్భై రెండు. బాగుంది అన్నాను. ఆయన ఎంత సంతోషంగా వెళ్ళాడో. నా చేయి వెనక్కి పోయిందో లేదో ఆయన గమనించలేదు.

ఏప్రిల్ 16

బాగేపల్లిలో ఒక చిన్న క్లినిక్. డాక్టరు వారానికి మూడు రోజులే వస్తాడట. మిగతా రోజుల్లో ఒక కాంపౌండరు చూసుకుంటాడు. రేపటి నుంచే రమ్మన్నాడు. డ్రిప్పులు పెట్టాలి, ఇంజక్షన్లు వేయాలి, పక్కన ఎవరూ ఉండరు. నేను స్టూడెంటును, నన్ను చూసేవాళ్ళు లేకుండా అవి చేయకూడదన్నాను. ఆయన నవ్వి, అయితే చదువుకోమ్మా అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ, వచ్చిన పనిని కాదనుకుని వచ్చావా అంది. నేను చేసింది సరైన పని. దాంట్లో సందేహం లేదు.

ఏప్రిల్ 18

పని గురించి ఎవరూ ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 19, శనివారం

చింతామణి బస్టాండు వెనక, మొబైల్ అంగడి మేడ మీద ఒక గది. రామచంద్రప్ప అనే ఆయన మంచాన పడినవాళ్ళ ఇళ్ళకు నర్సులను పంపుతాడు. స్నేహితురాలు నంబరిచ్చింది. వెళ్ళాను. ఆయన నా మార్కుల కార్డు చూడనే లేదు. బరువు ఎత్తగలవా, ఇంట్లోనే ఉండగలవా అని అడిగి, మూలనున్న అల్మారాలోంచి తెల్లకోటు తీసి ఇచ్చాడు. నాకంటే ముందు ఎవరో వేసుకున్నది.

సెకండియర్ అని నన్ను పంపే ఇంటివాళ్ళకు చెప్పాలా అని అడిగాను.

"వాళ్ళు అడిగేది లేదు, నువ్వు చెప్పేది లేదు. సిస్టర్ అని పిలుస్తారు, పలుకు. అంతే కదమ్మా" అన్నాడు.

ఇది బాగేపల్లి లాంటిది కాదు. ఇక్కడ ఇంజక్షన్లు లేవు. ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్కకు తిప్పడం, మాత్రలివ్వడం. ఇవన్నీ మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. ఎవరైనా అడిగితే స్టూడెంటునని చెప్తాను. అడగకపోతే అది అబద్ధం కాదు.

ఏప్రిల్ 21, సోమవారం

చింతామణిలో గురురాజ గారి ఇల్లు. కింద స్టీలు పాత్రల అంగడి, పైన ఇల్లు. అంగడి చూసుకునేది గురురాజ అన్న, ఇల్లు ఆయన భార్య రశ్మి అక్క. నేను చూసుకోవాల్సింది ఆయన తల్లి కన్యకమ్మను. డెబ్భై నాలుగేళ్ళు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే వాసన తెలిసింది.

రశ్మి అక్క నాకు గది చూపించి, మాట్లాడుతూ మాట్లాడుతూనే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. రెండు నెలలుగా ఒక్కతే చేస్తోంది. చేతులు సబ్బుకు పగిలిపోయి ఉన్నాయి.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తలగడ కింద ఉంది. తినిపించే పద్ధతి ఇక్కడ రాసుకుంటున్నాను. నిటారుగా కూర్చోబెట్టాలి. పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడే పెట్టాలి. చిక్కటి గంజి, చిన్న చెంచా. మింగినట్టు గొంతు కదిలాకే రెండో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. కుడివైపు గొంతు కూడా పడిపోయింది కాబట్టి తిండి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

మాత్రలు నాలుగు. నిద్రకు రాత్రి ఒకటి, అదీ సగం.

ఏప్రిల్ 24

కన్యకమ్మ అవ్వకు ఒకే మాట మిగిలింది. "దా." ఆకలైనా దా, దాహమైనా దా, నొప్పైనా దా. పొద్దున్నుంచి సాయంత్రం వరకూ పిలుస్తూనే ఉంటుంది. పక్కనే ఉన్నా పిలుస్తుంది. కిటికీలోంచి అది కింద అంగడిలోకి వినబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు బేరం ఆపి పైకి చూస్తారు. ఎవరో తమనే పిలుస్తున్నారనుకుంటారు.

రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నాను. పుండు కడుగుతున్నాను. గంజికి నలభై నిమిషాలు పడుతోంది. నలభై నిమిషాలూ కూర్చుంటున్నాను.

నా చేయి వెనక్కి పోవడం లేదు. ఇవాళ గమనించాను.

ఏప్రిల్ 27, ఆదివారం

అంగడి సెలవు. గురురాజ అన్న కొత్త సరుకులోంచి రెండు లోటాలు తెచ్చి తల్లికి చూపించాడు. భర్త పోయాక ఇరవై ఏళ్ళు ఆమే గల్లాపెట్టె దగ్గర కూర్చుందట. గోటితో తట్టి, ఆ శబ్దాన్ని బట్టి రేకు మందమెంతో చెప్పేదట. ఆయన ఒక లోటా ఆమె ఎడమ చేతి దగ్గర పట్టుకున్నాడు. అవ్వ తట్టింది. తల కొంచెం వంచి వింది. తర్వాత దాన్ని పక్కకు తోసేసింది.

"రేకు సన్నమని అంటాండాది" అన్నాడు. నవ్వుతూనే మొహం తిప్పుకుని కిందికి వెళ్ళిపోయాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఇది నేను గుర్తుపెట్టుకోవాలి.

ఏప్రిల్ 30, బుధవారం

అక్షయ తృతీయ. పెళ్ళిళ్ళకు సామాను కొనేవాళ్ళతో అంగడి తెరవకముందే మెట్ల దాకా జనం. అవ్వ ఇవాళ మరీ ఎక్కువ పిలిచింది. పండగ సందడి విని తనూ కిందికి వెళ్ళాలనుకుందేమో.

తొమ్మిదింటికి గురురాజ అన్న పైకొచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"అమ్మా ఆశా, ఆ రాత్రి మాత్ర ఉండాది కదా, ఇప్పుడొకటి ఇయ్యి. ఈ ఒక్క దినం. పెండ్లివాళ్ళు వచ్చి కూర్చోని ఉండారు, పైనుంచి ఈ అరుపు."

డాక్టరు గారు పగలు ఇవ్వమనలేదన్నాను.

"మూర్తి డాక్టరుకు నేను ఫోన్ చేసి చెప్తా లే."

సగం ఇచ్చాను. అరగంటలో నిద్రపోయింది. ఆయన ఫోన్ చేస్తానన్నాడు. చేసే ఉంటాడు. శ్రీనివాసమూర్తి గారు వాళ్ళకు ముప్పై ఏళ్ళ నుంచి డాక్టరు, ఇలాంటివి ఫోన్లో అడిగి తెలుసుకోవడం వాళ్ళకు మామూలే అయివుంటుంది.

మే 2

ఇవాళ కూడా ఇవ్వమన్నాడు. సగానికి నిద్ర పట్టలేదు. రశ్మి అక్క వచ్చి మిగతా సగం కూడా ఇయ్యి అంది.

మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. రశ్మి అక్క ఫ్యాను కింద చాప వేసుకుని నిద్రపోయింది. ఫిబ్రవరి తర్వాత పగలు పడుకోవడం ఇదే మొదటిసారట. లేచాక నాకు కాఫీ కలిపిచ్చి, "నువ్వొచ్చినాక మా ఇంట్లో మనుషులం మనుషులమైనాము" అంది.

మందు పని చేస్తోంది. మనిషికి విశ్రాంతి కూడా అవసరమే. పుండు మానడానికి కూడా నిద్ర మంచిది.

మే 4, ఆదివారం

అవ్వ కూతురు చైత్ర అక్క చిక్కబళ్ళాపురం నుంచి వచ్చింది. అక్కడ హైస్కూలు టీచరు. తల్లి పక్కన గంటసేపు కూర్చుంది. అమ్మా, అమ్మా అని పిలిచింది. అవ్వ కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది.

గురురాజ అన్న, రశ్మి అక్క ఇద్దరూ గదిలోనే ఉన్నారు. చైత్ర అక్క నన్నే అడిగింది.

"ఏమ్మా, ఇంత మత్తుగా ఏమిటికి ఉండాది?"

"ఎండలక్కా" అన్నాను.

ఎండలు ఎక్కువగానే ఉన్నాయి. పేపర్లో కూడా రాశారు.

వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర తన నంబరు నా ఫోన్లో వేసి, ఏమున్నా ఫోన్ చెయ్యమంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. చేతిసంచిలో ఏదో వెతుక్కుంటూ ఉంది.

మే 6

నేను రోజూ రాసే మందుల పుస్తకంలో పగటి మాత్ర రాయడం మానేశాను. డాక్టరు రాసింది కాదు కదా. రాస్తే లెక్కలో గందరగోళం వస్తుంది.

పుండు బాగా తగ్గింది. అంచులు గులాబీ రంగుకొచ్చాయి. ఫోటో తీసి స్నేహితురాలికి పంపాను. ఇది నువ్వు చేసిందేనా అని మెసేజ్ పెట్టింది.

మే 8, గురువారం

గంజి పెడుతుంటే కొంచెం దగ్గింది. కూర్చోబెట్టే పెట్టాను. ఎప్పటిలాగే పెట్టాను. తర్వాత సర్దుకుంది.

మే 9

జ్వరం. నూటొకటి. ఊపిరి తీస్తుంటే గొంతులో గురగుర. రశ్మి అక్కకు చెప్పాను, ఆమె గురురాజ అన్నకు చెప్పింది. రేపు పొద్దున డాక్టరును పిలుస్తానన్నాడు. జ్వరం మాత్ర ఇచ్చాను. తడిగుడ్డ వేశాను.

పగటి మాత్ర ఇవాళ ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా. అవ్వ పిలవడం లేదు.

మే 10, శనివారం

శ్రీనివాసమూర్తి డాక్టరు వచ్చారు. తెల్ల జుట్టు, నెమ్మది మనిషి. ఛాతీకి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. కుడివైపు కింద మళ్ళీ మళ్ళీ విన్నారు. తర్వాత నన్నడిగారు. తినేటప్పుడు మెలకువగా ఉంటోందా?

ఉంటోంది సార్ అన్నాను.

నిద్రమాత్ర ఎంతిస్తున్నావు?

రాత్రి సగం సార్.

గురురాజ అన్న గుమ్మంలో నిలబడి వింటున్నాడు. డాక్టరు గారికి ఎవరూ ఫోన్ చేయలేదని అప్పుడు తెలిసింది. నాకు ముందే తెలుసేమో. ఆయన వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని కాగితం రాసిచ్చారు. అంబులెన్సులో నేనే పక్కన కూర్చున్నాను. అవ్వ ఎడమ చేయి నా కోటు అంచు పట్టుకుని ఉంది. స్ట్రెచర్ దించేటప్పుడు ఆ వేళ్ళు నేనే విడిపించాల్సి వచ్చింది.

మే 12, సోమవారం

పొద్దున ఆరున్నరకు పోయింది.

మే 14

నిన్న అంతా అయిపోయింది. ఇవాళ రామచంద్రప్ప ఫోన్ చేసి, ఆ ఇంటివాళ్ళు నీ గురించి చాలా మంచిగా చెప్పారన్నాడు. వేరే ఇల్లు చూస్తానన్నాడు.

నేను బయలుదేరుతుంటే రశ్మి అక్క చీర ఇచ్చింది. వద్దన్నాను. చేతిలో పెట్టి రెండు చేతులూ పట్టుకుంది.

"నీ మాదిరి కన్నబిడ్డలు కూడా చెయ్యరు" అంది. అని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

గురురాజ అన్న అంగడి లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఓర్పు, శ్రద్ధ, నమ్మకం అని మూడు మాటలు. కన్నడంలో, గుండ్రటి అక్షరాల్లో.

మే 15

సోమేనహళ్ళి. నాన్న సర్టిఫికెట్ చదివించుకుని మడతపెట్టి దేవుడి పటం దగ్గర పెట్టాడు. అంజినప్ప మామకు కూడా చదివి వినిపించమన్నాడు. చదివాను.

మే 16

తినలేకపోతున్నాను. అమ్మ రాగి గంజి పెట్టింది. లేచి బయటికి వెళ్ళిపోయాను. ఎండ దెబ్బ అని అమ్మ అనుకుంటోంది. నేను కూడా అవునన్నాను.

మే 17, శనివారం

మే 8న రాసింది తప్పు. జరిగింది రాస్తున్నాను.

ఆ రోజు ఎనిమిదింటికి మాత్ర మొత్తం ఇచ్చాను. ఎవరూ ఇవ్వమని చెప్పలేదు. అప్పటికే చెప్పడం మానేశారు. నేనే అలవాటుగా ఇస్తున్నాను. పదింటికి గంజి తెచ్చాను. అవ్వ నిద్రలో ఉంది. భుజం తట్టాను, కళ్ళు తెరవలేదు. ఎత్తి కూర్చోబెట్టాలంటే రెండు తలగడలు వెనక పెట్టి, చంకల కింద చేతులేసి లాగాలి. మత్తులో మనిషి రెట్టింపు బరువు. ఒక్క తలగడ పెట్టి తల కొంచెం ఎత్తాను, అంతే. సగం పడుకునే ఉంది.

చెంచా నోట్లో పెట్టాను. పెదవులు వాటంతటవే మూసుకున్నాయి. గొంతు కదిలిందో లేదో చూడలేదు. రెండోది పెట్టాను. అలా ఆరో ఏడో పెట్టాను. అప్పుడు దగ్గింది. చిన్న దగ్గు, మందులో మునిగిన దగ్గు. పైకి రాలేదు. పెదవులు నీలమయ్యాయి. పక్కకు తిప్పి వీపు మీద కొట్టాను. కాసేపటికి రంగు తిరిగి వచ్చింది. చెంగుతో మూతి తుడిచాను. గిన్నెలో మిగిలిన గంజి పారబోసి గిన్నె కడిగి బోర్లించాను. రశ్మి అక్క అడిగితే తినిందని చెప్పాను.

తొందరలో ఉండి అలా చేశానని రాయాలని చూశాను. తొందరేమీ లేదు. ఎవరూ రావాల్సింది లేదు, నేను వెళ్ళాల్సింది లేదు. మెలకువగా ఉంటే అవ్వ చెంచాను నాలుకతో తోస్తుంది, దా అంటుంది, నలభై నిమిషాలు పడుతుంది. నిద్రలో ఉంటే పది నిమిషాలు. నిద్రపోతున్న మనిషికి పెట్టడం సులువు. ఆ రోజు మొదటిసారి కూడా కాదు. మే 5 నుంచీ అలాగే పెడుతున్నాను.

నా చేయి వెనక్కి పోలేదు. ఒక్కసారి కూడా.

మే 18

పొద్దున్నుంచి మూడుసార్లు చైత్ర అక్క నంబరు తీశాను. ఫోన్లో చెప్పేది కాదు.

మే 19, సోమవారం

చిక్కబళ్ళాపురం వెళ్ళాను. బస్టాండులో దిగి ఫోన్ చేస్తే ఇంటికి దారి చెప్పింది. స్కూలు సెలవులు. ఒక్కతే ఉంది. భర్త పని మీద బయటికి వెళ్ళాడట. మంచినీళ్ళిచ్చి, ఏదైనా సర్టిఫికెట్ పని మీద వచ్చావా అని అడిగింది.

చెప్పాను. స్టూడెంటునన్న దగ్గర మొదలుపెట్టి నీలమైన పెదవుల దాకా. మధ్యలో ఒక్కసారి కూడా ఆమె ఆపలేదు. పక్కింట్లో కుక్కర్ కూసింది, మళ్ళీ కూసింది.

"ఆ పొద్దు నేను వచ్చినప్పుడు మాత్రల అట్ట చూస్తిని" అంది. "కిటికీలో ఉండె. పది మాత్రల్లో రెండు ఉండాయి. పోయిన వారమే కదా కొత్త అట్ట తెచ్చినారు, సగం సగం ఇస్తే ఇన్ని ఎట్లయిపోతాయని అనుకొంటిని."

చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"అడిగితే మా అన్న ఏమంటాడో నాకు తెలుసు. అయితే నువ్వే పిలుచుకోని పో అంటాడు. నాకు ఇక్కడ రెండే గదులు. అందుకని నిన్ను అడిగితిని. నువ్వు ఎండలు అంటివి. నాకు అదే కావాల్సి ఉండె."

లేచి లోపలికి వెళ్ళింది. ముఖం కడుక్కుని వచ్చింది. నాకు క్షమించమని అడిగే ధైర్యం లేకపోయింది, ఆమె క్షమిస్తానని అననూ లేదు.

"నాకు చెప్పి నువ్వు బరువు దించుకొని పోతావు. డాక్టరుకు అబద్ధం చెప్పింది నువ్వు. ఆయనకు నువ్వే చెప్పు" అని శ్రీనివాసమూర్తి గారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

చెప్పాను. అవతల క్లినిక్‌లో ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. ఆయన అంతా విని, ఆ రోజే చెప్పివుంటే మందు మార్చేవాణ్ణి, బతికేదా అంటే చెప్పలేను అన్నారు. నువ్వు కూడా ఎప్పటికీ చెప్పలేవు అన్నారు. కోపంగా కాదు. తర్వాత ఏ కాలేజీ అని అడిగారు. పేరు చెప్పాను. ప్రిన్సిపాల్ పేరు కూడా అడిగారు. అది కూడా చెప్పాను.

గుమ్మం దాకా చైత్ర అక్క వచ్చింది. మా అన్నకు కూడా చెప్తావా అని అడిగింది. చెప్తానన్నాను. వద్దు, ఆ పని నాది అంది.

మే 22, గురువారం

డాక్టరు గారి ఉత్తరం చేరకముందే నేనే మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆమె విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. జరిగిందంతా రాసి ఇమ్మన్నారు. రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నాలుగు పేజీలు వచ్చాయి. కమిటీ కూర్చుంటుందట. మూడో సంవత్సరంలోకి తీసుకుంటారో లేదో అప్పుడే తేలుతుంది. అంతవరకూ ఏ రోగి దగ్గరికీ పని కోసం వెళ్ళకూడదని కాగితం మీద రాయించుకున్నారు.

నాన్నకు సాయంత్రం చెప్పాను. పెరట్లోకి వెళ్ళి పశువులకు నీళ్ళు పెట్టాడు. అవి అప్పటికే తాగి ఉన్నాయి.

మే 24

రామచంద్రప్ప ఫోన్. దిబ్బూరహళ్ళిలో పాపన్న అని ఒక రైతు, పక్షవాతం, అచ్చం కన్యకమ్మ కేసులాంటిదే, నువ్వైతే సరిపోతావు అన్నాడు. రానన్నాను. ఎందుకు రానో కూడా చెప్పాను. నేను పూర్తి చేయకముందే అన్నాడు:

"అవన్నీ మనసులో పెట్టుకోవద్దమ్మా, ముసలివాళ్ళు పోతారు. నువ్వు రాకుంటే పోనీ లే, ఇంకొకామెను పంపిస్తా. సిల్క్ మార్కెట్‌లో చేస్తా ఉండె, బలం ఉండాది."

పట్టుగూళ్ళు ఏరే మనిషి. తలగడ కింద ఉన్న కాగితం ఆమె చదవగలదా? చదివినా, ఎందుకలా రాశారో ఎవరు చెప్తారు?

మే 26, సోమవారం

దిబ్బూరహళ్ళి వెళ్ళొచ్చాను. వెళ్ళకూడదేమో. పని కోసం వెళ్ళకూడదని రాయించుకున్నారు, నేను పని కోసం వెళ్ళలేదు. కాలేజీకి ఈ సంగతి కూడా రేపు చెప్తాను.

పాపన్న ఇల్లు అడిగితే పిల్లలు చూపించారు. కొడుకు నందీశ్ మల్బరీ ఆకు కోస్తూ తోటలో ఉన్నాడు. నేనెవరో, ఎందుకొచ్చానో ముందు అతనికే చెప్పాను. నర్సును కాదు, సెకండియర్ స్టూడెంటును, తినిపించే పద్ధతి చూపించి వెళ్ళిపోతాను అన్నాను. అతనికి సగం అర్థమైనట్టుంది. లోపలికి పొమ్మని చేత్తో చూపించాడు.

పాపన్న తాత నులకమంచం మీద ఉన్నాడు. రామచంద్రప్ప పంపిన ఆమె గంజి గిన్నె పట్టుకుని అప్పుడే కూర్చుంటోంది. నాకన్నా పదేళ్ళు పెద్ద. నాకిచ్చిన కోటు లాంటిదే వేసుకుని ఉంది, భుజాల దగ్గర బిగుతుగా. తాత కళ్ళు సగం మూసి ఉన్నాడు. ఆమె చెంచా నింపింది.

ఆగమన్నాను. గిన్నె తీసుకుని పక్కన పెట్టి, ఇద్దరం కలిసి ఆయన్ని లేపి కూర్చోబెట్టాము. వీపు వెనక దుప్పట్లు చుట్టి పెట్టాను. తడిగుడ్డతో ముఖం తుడిచి, పూర్తిగా కళ్ళు తెరిచేదాకా మాట్లాడించాను. అప్పుడు గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని ఒక చెంచా పెట్టి, గొంతు మీద ఎక్కడ చూడాలో ఆమెకు చూపించాను. గొంతు మీది ముడి పైకి లేచి దిగింది. ఇప్పుడు రెండోది అన్నాను. నిద్రలో ఉంటే పెట్టొద్దు, ఎవరు చెప్పినా పెట్టొద్దు, ఆకలితో ఉన్నా ఫరవాలేదు అన్నాను. నిద్రమాత్ర డాక్టరు నోటితో చెప్తే తప్ప పగలు ఇవ్వొద్దు అన్నాను.

ఆమె అన్నింటికీ తలూపింది. తర్వాత అడిగింది.

"నిద్రలో పెడితే ఏమైతుంది సిస్టర్? నీకెట్ల తెలుసు?"

"నేను పెట్టినా. చింతామణిలో ఒక అవ్వకు. చచ్చిపోయింది" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత నా చేతుల్ని చూసింది. ముందుకు వంగి గిన్నె నా చేతుల్లోంచి తీసేసుకుంది. చెంచా కూడా తీసుకుంది. నాకూ తాతకూ మధ్యలోకి జరిగి కూర్చుని, ఒక చెంచా పెట్టి, గొంతు వైపు చూస్తూ ఆగింది.